సుక్కురోరం పుట్టినాను

గోడ ఆరీ ఆరకుండా ఉన్నప్పుడే గియ్యాల.
ఎర్రమన్ను అలికినాక పొద్దు బారెడెక్కిపోతే
బియ్యప్పిండి పట్టదు, పెచ్చులూడిపోతాది.
ఇది సెప్పినాది సొంబారవ్వ, మా కుడంబోయి.
ఎదురు పుల్ల కొస నమిలి కుంచె సేసి
నా సేతిలో పెట్టినాది, నాకు పదకొండేళ్లప్పుడు.
"ముందుగాల మనిసిని గియ్యి" అన్నాది.

మనిసంటే రెండు ముక్కోణాలు.
ఒకటి బోర్లా, ఒకటి యెల్లకిలా,
మొనా మొనా తగిలిన కాడ నడుము.
పైన గింజంత తల,
పుల్లల్లాటి కాళ్లూ సేతులూ.
అంతే.

"అవ్వా, ఇది ఆడదా, మగోడా?"
నవ్వలేదు, కసర్లేదు.
"సిందేస్తంది, కనపళ్లేదా?" అన్నాది.

బడిలో పంతులు నన్నొక గడిలో రాసినాడు.
హరిపురం సంతలో సింతపండు తూసినోడు
ఇంకో మాటన్నాడు.
ఆ మాటిక్కడ రాయను,
మా గోడ మీద ఆడికి సోటు లేదు.

పలాస జీడి ఫ్యాక్టరీలో నాలుగేళ్లు.
ఒళ్లు మగోళ్ల వరసలో, పెనం కాడ.
మనసు ఆడోళ్ల వరసలో, పప్పు ఒలిసే కాడ.
జీడి నూనికి వేళ్లు నల్లబడిపోనాయి,
ఎన్ని సబ్బులరిగినా పోలేదు.
అక్కడే తగిలినాది కాశీబుగ్గ కస్తూరమ్మ.
రూపాయి బిళ్లంత బొట్టు, లారీ హారనంత నవ్వు.
తన సేతి గాజులు రెండు తీసి నాకు తొడిగినాది.
"ఇరుకైతే సెప్పే, ఇరగ్గొడదాం" అన్నాది.
ఇరుకు కాలేదు.

ఈయేడు కందికొత్తలకి సీర కట్టుకుని కొండెక్కినాను.
నా ఎనకాల కస్తూరమ్మ, సెప్పులు సేత్తో పట్టుకుని, ఆయాసపడతా.
ఇజీనారం హాస్టల్లో ఒకే దుప్పటి కప్పుకుని సదూకున్న
జన్ని, రొయితి.
పేరు సెప్పొద్దన్న గదబ కుర్రోడొకడు.
ఊరి మొదట్లోనే తుడుం ఆగిపోనాది.

"కొత్త కందులు తినే కాడికి ఈళ్లేటి?"
అన్నాడు గొమాంగు.
కుండలో కందులు ఉడుకుతానే ఉన్నాయి.

సొంబారవ్వ లేసినాది, మోకాలి మీద సెయ్యేసుకుని.
"ఒరే, నాకు కొండ మీదొక మొగుడు,
బూమి కిందొక మొగుడు.
కిందోడికి గుర్రముంది, పైనోడికి గోసే లేదు.
అప్పుడు నువ్వేటీ లెక్కడగలేదు.
మీ అయ్య సచ్చినాక ఆడు నామీదకొచ్చి
ఆడి గొంతుతో నాను కల్లడిగితే
నా కాళ్లట్టుకుని ఏడిసినావు, అయ్యా అయ్యా అని.
ఆయాల అడగలేదేం,
నువ్వు ఆడదానివా, మగోడివా అని?"

గొమాంగు తల గోక్కున్నాడు.
తుడుం కుర్రోడు ముందుగా నవ్వేసినాడు,
నవ్వుతానే సెయ్యి జారి ఒక దెబ్బ పడిపోనాది,
పడిన దెబ్బని ఆపడం ఎవుల తరం?
నడుం మీద సెయ్యి, సెయ్యి మీద సెయ్యి.
కస్తూరమ్మకి అడుగు తెల్దు,
తప్పు అడుగుకే గుంటలందరూ మారిపోనారు.
ఇద్దరు ముసలోళ్లు మాత్రం లేసి ఇళ్లకెల్లిపోనారు.
ఎల్లనీ.

తెల్లారగట్ల గోడ మీద గీసినాను.
సూరీడు, సెందురుడు, దువ్వెన, నెమలి,
మందస బస్సు, దాని మీదొక కోడి,
కింద గొలుసులాగ సిందేసే మనుసులు.
"నానెక్కడున్నానే?" అన్నాది కస్తూరమ్మ.
ఎతుక్కోమన్నాను.
ఒక్కో బొమ్మ మీదా ఏలెట్టి
"ఇది నానే, ఇదీ నానే" అనుకుంటా
గోడ కొసదాకా ఎల్లిపోనాది.

నా పేరు సుక్రు.
సుక్కురోరం పుట్టినానని పెట్టినారు.
సుక్కురోరానికి ఆడా మగా ఏటుంది?

ఆటకి మాయమ్మ రాలేదు.
రాత్రంతా తలుపేసే ఉంది.
తెల్లారి సూస్తే గుమ్మం బయట దొప్పలో
రుబ్బిన పిండి, ఆకు కప్పి.
మీద బొటనేలు దిగిన గుంత,
పలసనయిపోనాదేమో అని సూసుకున్నట్టుంది.
గోడకి పట్టాలంటే ఎంత సిక్కగుండాలో
ఆమెకి తెలుసు.